కుడివైపు సీటు

శనివారం పొద్దున ఏడు గంటలకు లవాన్ టోలెఫ్సన్ వంటింటి బల్ల మీద ఐర్లండును పరిచింది. మధ్యలో బోర్లించిన పళ్లెం రౌండబౌట్. దాని చుట్టూ పెట్టిన నాలుగు వెన్నకత్తులు నాలుగు దారులు. మిరియాల డబ్బా ఆమె కారు, ఉప్పు డబ్బా ఎదురొచ్చే లారీ.

"ఇక్కడిలా కుడి కాదు, ఎడమ అంచున లోపలికి రావాలి. కుడి నుంచి వచ్చేవాడికి దారివ్వాలి. గడియారం ముల్లులా తిరగాలి," అని తనకు తానే చెప్పుకుంటూ మిరియాల డబ్బాను పళ్లెం చుట్టూ తిప్పింది. మూడో కత్తి దగ్గర బయటికి తీసి, చల్లారిపోయిన కాఫీ ఒక గుక్క తాగింది.

ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. సెప్టెంబరు వస్తే డెబ్బై ఐదు నిండుతాయి. అక్కడ కారు అద్దెకిచ్చే కంపెనీ డెబ్బై ఐదు నిండినవాళ్లకు తాళం ఇవ్వదు. అంటే వెళ్తే ఈ మే నెలలోనే వెళ్లాలి. ఇంకా పన్నెండు రోజులుంది. కావలసినవన్నీ బిస్కెట్ల డబ్బాలో సర్దిపెట్టుకుంది. పాస్‌పోర్టు, రెండు ఫొటోలిచ్చి తెచ్చుకున్న, విదేశాల్లో చెల్లే బూడిదరంగు డ్రైవింగ్ పర్మిట్, బీమా కాగితాలు, కారు అద్దం కింద అంటించడానికి పసుపు టేపు ముక్క. దాని మీద నల్లసిరాతో ఎడమకి ఒక బాణం గీసింది. వీటన్నిటి అడుగున నోరీన్ ఉత్తరాలు తొమ్మిది ఉన్నాయి.

తెలియాల్సింది ఒక్కటే మిగిలింది, కారుకు గేర్లు వాటంతటవే మారతాయా లేదా అని. ఆ కంపెనీకి ఫోన్ చేసింది.

"క్షమించండమ్మా, ఈ బుకింగ్ గురువారం రద్దయింది," అంది అవతలి అమ్మాయి.

"పొరపాటు పడుతున్నావు. నేను రద్దు చేయలేదు."

"మీ ఈమెయిల్ నుంచే వచ్చిందండీ."

లవాన్ ఈమెయిల్ తెరిచి చూసేది ప్రపంచంలో ఒక్కరే. ఫోన్ పెట్టేసి, పళ్లెం, కత్తులు, ఉప్పు, మిరియాలు ఎక్కడివక్కడ సర్దేసింది. బల్ల తుడిచింది. తర్వాత కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

తొమ్మిదింటికి కూతురు జోడీ గుడ్ల అట్టపెట్టె చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది. వెనకాలే అల్లుడు కర్ట్, బూట్లు గుమ్మం బయట విడిచి, చిరిగిన మేజోళ్లతో వచ్చాడు. ప్రతి శనివారం వస్తారు వాళ్లు. జోడీ పళ్ల డాక్టరు దగ్గర పని చేస్తుంది. వారంలో ఐదు రోజులు అక్కడ నోళ్లు తెరిపించి, ఆరో రోజు ఇక్కడ నోరు తెరుస్తుందని కర్ట్ అంటుంటాడు.

"కాఫీ ఉందా అత్తా?" అన్నాడు కర్ట్.

"ఉంది. నీకు మాత్రమే." లవాన్ కూతురి వైపు తిరిగింది. "కారు ఎందుకు వద్దన్నావు?"

జోడీ గుడ్లు బల్ల మీద పెట్టింది. పెట్టాక కూడా అట్టపెట్టె మీంచి చెయ్యి తీయలేదు.

"చెప్పాలనే వచ్చాను."

"గురువారం రద్దు చేసి శనివారం చెప్తావా?"

"బస్సు టూరు ఉందమ్మా. మంచి బస్సు. హోటళ్లూ వాళ్లే చూస్తారు. మనమిద్దరం కిటికీ పక్కన కూర్చుని..."

"ఆ బస్సు ఆ పెట్రోలు బంకు దగ్గర ఆగుతుందా?"

జోడీ గుడ్ల పెట్టెను బల్ల మధ్యకు నెట్టింది.

"ఆగదు కదా. కోటల దగ్గర ఆగుతుంది. కోటలు చూడ్డానికా నేను వెళ్లేది? నాకు ఆ రోడ్డు చూడాలి. నా చేత్తో తోలి చూడాలి. అప్పటికి గానీ ఆ మనిషి ఏం చేశాడో నాకు అర్థం కాదు."

ఆ మనిషి అంటే ఆర్లిన్, లవాన్ భర్త. చుట్టుపక్కల పాడి రైతుల దగ్గర పాలు ఎత్తుకుని జున్ను ఫ్యాక్టరీకి చేర్చే ట్యాంకరు ముప్పై రెండేళ్లు తోలాడు. విస్కాన్సిన్ మంచులో, పొగమంచులో, జింకలు అడ్డంపడే రోడ్ల మీద తోలాడు. ఒక్క గీత పడనివ్వలేదు. పదవీ విరమణ చేశాక, ఐర్లండులో జరిగే దుక్కి పోటీలు చూడాలని ఇద్దరు స్నేహితులతో వెళ్లాడు. లవాన్ వెళ్లలేదు. ఆమె అప్పటికింకా పల్లె దారుల్లో ఉత్తరాలు పంచుతోంది. సెలవులో ఆమె బదులు తిరగాల్సిన మనిషికి తుంటి విరిగింది.

అక్కడికెళ్లిన నాలుగో రోజు, స్నేహితులు ఇంకా నిద్రలేవకముందే, ఆర్లిన్ రొట్టె, పాలు తెద్దామని అద్దెకారులో ఒక్కడే పెట్రోలు బంకుకు వెళ్లాడు. తిరిగి బయటికొస్తూ ఖాళీ రోడ్డు మీద కుడిపక్కకు చేరాడు, అమెరికాలో ఇంటి దగ్గర చేరినట్టే. మిట్ట అవతలి నుంచి లారీ వచ్చింది. లారీ అతనికి ఏమీ కాలేదు. ఆ బంకు ఎదురింట్లో ఉండే నోరీన్ అనే ఆవిడ పరుగెత్తుకొచ్చి, అంబులెన్స్ వచ్చేదాకా ఆర్లిన్ చెయ్యి పట్టుకుని రోడ్డు మీదే కూర్చుంది. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు రాస్తుంది. ఈసారి కార్డులో, మోకాళ్లు పనిచేయడం లేదు, వచ్చేదుంటే తొందరగా రా తల్లీ, అని రాసింది.

"అమ్మా, నాన్న కూడా నీలాగే మాట్లాడాడు," అంది జోడీ. "పాల ట్యాంకరు తోలినవాణ్ని, ఆ అగ్గిపెట్టె కారు తోలలేనా అన్నాడు. ఈ బల్ల దగ్గరే అన్నాడు."

"మీ నాన్న సంగతి వేరు. జన్మంతా ఎడమ సీట్లో కూర్చున్నాడు. నేను ఇరవై ఏడేళ్లు కుడి సీట్లో కూర్చుని తోలాను. ఈ కౌంటీలో కుడివైపు స్టీరింగు పట్టుకున్న ఆడది నేనొక్కదాన్నే. అక్కడి కార్లకి స్టీరింగు ఎక్కడుంటుంది? కుడివైపే. అది నాకు సొంతిల్లు లాంటిది."

"సీటు ఒక్కటేనా?"

"ఒళ్లు దగ్గర పెట్టుకుంటే చాలు. మీ నాన్నకి పరధ్యానం. బుద్ధిలేని పని చేశాడు, చిన్నపిల్లలకి కూడా తెలిసిన విషయం మర్చిపోయి..."

"అనకమ్మా!"

జోడీ గొంతు ఎంత పైకి లేచిందంటే, పంచదార వెతుకుతున్న కర్ట్ బీరువా తలుపు అలాగే పట్టుకుని ఆగిపోయాడు.

"తొమ్మిదేళ్లుగా వింటున్నాను. బుద్ధిలేని మనిషి, బుద్ధిలేని మనిషి. ఆయన చనిపోయాడమ్మా! సమాధి రాయి మీద ఆయన పక్కన నీ పేరు చెక్కించడానికి కూడా ఒప్పుకోలేదు. ఊళ్లో అందరి రాళ్ల మీదా, ఒకరు ఇంకా బతికున్నా సరే, భార్యాభర్తల పేర్లు పక్కపక్కనే ఉంటాయి. మా నాన్న ఒక్కడే ఒంటరిగా ఉన్నాడు. ఏం తప్పు చేశాడని?"

లవాన్ కిటికీ వైపు తిరిగింది. బయట షెడ్డు ముందు మొన్నటి వాన నీళ్లు ఇంకా మడుగు కట్టి ఉన్నాయి.

"మా ఇద్దరి మధ్య విషయం అది," అంది మెల్లగా.

కర్ట్ పంచదార లేకుండానే కాఫీ తాగేశాడు.

"నాదొక మాట," అన్నాడు. "అత్తా, మీ జీపు షెడ్డులోనే ఉంది. బ్యాటరీ పోయిన నెలే మార్చాను. సంత మైదానం ఆగస్టు దాకా ఖాళీ. గడ్డిమోపులు పెట్టి రోడ్డు తయారుచేస్తా. ఎదురొచ్చే బండి నాది. మీరు ఎడమపక్కన తోలి చూపించండి. గీత దాటకుండా తోలారా, కారు నేనే మళ్లీ బుక్ చేయిస్తా. నా పెళ్లాం అరిచినా సరే."

"దాటితే?" అంది జోడీ.

"దాటితే బస్సు," అంది లవాన్, కోటు అందుకుంటూ. "పద. టోపీ పెట్టుకో, గాలి ఉంది."

ఆ జీపు తెల్లరంగుది. చుట్టూ తుప్పు అంచు కట్టింది. స్టీరింగు కుడివైపున ఉంటుంది, రోడ్డు పక్కన గుంజల మీదుండే డబ్బాల్లో దిగకుండా ఉత్తరాలు వేయడానికి. ఇరవై ఏడేళ్లలో ఆ సీటు ఆమె ఒంటి ఆకారానికి నొక్కుకుపోయింది. కూర్చోగానే చెయ్యి దానంతటదే కిటికీ అద్దం దించింది. జోడీ ఎడమ సీట్లో కూర్చుంది. ముందు స్టీరింగు లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

మైదానంలో పశువుల షెడ్ల మధ్య పొడవాటి మట్టిరోడ్డు ఉంది. కర్ట్ దాని నడుమ వరసగా గడ్డిమోపులు పెట్టాడు. గుర్రాల వలయం దగ్గర రౌండబౌట్ కట్టాడు. టికెట్ల గది పెట్రోలు బంకు. లవాన్ పసుపు టేపు తీసి అద్దం కింద అంటించింది.

మొదటి చుట్టు నెమ్మదిగా తోలింది. మోపులు ఆమె భుజం పక్కనుంచి ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. కర్ట్ ఎదురొచ్చాడు, తన ఎడమ అంచున. చెయ్యి ఊపాడు. రౌండబౌట్ దగ్గర ఆగింది, కుడికి చూసింది, గడియారం ముల్లులా తిరిగింది. రెండో చుట్టు, మూడో చుట్టు. ఐదో చుట్టుకి ఆమె భుజాలు దిగాయి.

"కాలు నేలకేసి తొక్కడం ఆపు," అంది కూతురితో. "అక్కడ బ్రేకు లేదు."

జోడీకి నవ్వొచ్చింది. తల్లి చేతులకేసి చూసింది. ఈ వయసులోనూ ఎంత నిమ్మళంగా ఉన్నాయి! కారు రద్దు చేసి తప్పు చేశానేమో అనుకుంది.

"ఒప్పుకుంటావా?" అంది లవాన్.

"ఇంకొక్కటి. బంకు దగ్గర ఆగి, మళ్లీ బయలుదేరు. అది కూడా అయిపోతే నేనే ఫోన్ చేస్తా."

లవాన్ టికెట్ల గది పక్కన జీపు ఆపింది. గేరు మీటను పార్కింగులోకి తోసింది. ఒకసారి ఊపిరి పీల్చుకుంది. కర్ట్ బండి కనిపించలేదు, పందుల షెడ్డు వెనక్కి వెళ్లి ఉంటాడు. రోడ్డంతా ఖాళీ. మోపుల వరస ఇక్కడితో అయిపోయింది, చాలలేదని కర్ట్ ముందే చెప్పాడు. మే నెల ఎండ మట్టి మీద పరుచుకుని ఉంది. ఆమె బయలుదేరింది.

నలభై గజాల దూరంలో, కుడివైపున, సంత ఆఫీసు ముందు గుంజ మీద ఒక ఉత్తరాల డబ్బా ఉంది. బూడిదరంగు రేకు డబ్బా. దాని ఎర్రజెండా ఎత్తి ఉంది, లోపల ఉత్తరం ఉంది, పోస్టు బండి ఆగాలి అన్నట్టు.

తర్వాత ఏం జరిగిందో జోడీకి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. జీపు ఒక కుదుపైనా లేకుండా, నీళ్లు వాలుకు పారినట్టు, రోడ్డు అడ్డంగా దాటి కుడి అంచుకు చేరింది. పందుల షెడ్డు మలుపులోంచి కర్ట్ బండి ముక్కు బయటికొచ్చింది. సూటిగా ఎదురుగా. "అమ్మా! అమ్మా!" అని తన గొంతే వినిపించింది. హారన్ మోగింది. కర్ట్ స్టీరింగు గిరుక్కున తిప్పి బండిని గడ్డిలోకి దూకించాడు. జీపు డబ్బా పక్కన, సరిగ్గా చేతికందే దూరంలో, మెత్తగా ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కర్ట్ బండి దిగి, చక్రాలు చూసుకుని, ఇటు రెండడుగులు వేశాడు. జీపులో ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, గడ్డిమోపులు ఒక్కొక్కటే ఎత్తి బండిలో వేయడం మొదలుపెట్టాడు.

లవాన్ కుడిచెయ్యి ఇంకా కిటికీ బయటే ఉంది, వేళ్లు ముందుకు చాచి.

"నా చేతిలో ఉత్తరం లేదు," అంది.

జోడీ ఆ మాట నమ్మలేనట్టు చూసింది.

"ఉత్తరం లేదు జోడీ. చూడు. వట్టి చెయ్యి. జెండా లేచి ఉంది. చెయ్యి వెళ్లిపోయింది." చెయ్యి లోపలికి తీసుకుని, ఎవరిదో చూసినట్టు చూసుకుంది. "నేను నిద్రపోలేదు. పరధ్యానంగా లేను. ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉన్నా. అయినా తెలియలేదు. నువ్వు అరిచేదాకా నేను సరిగ్గానే ఉన్నాననుకున్నా."

"సరేలేమ్మా. ఏం కాలేదుగా."

"ఆయనకీ అంతే అనిపించి ఉంటుంది, సరిగ్గానే ఉన్నానని." చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. "నోరీన్ రాస్తూనే ఉంది. రోడ్డు ఖాళీగా ఉందమ్మా, ఎవరూ లేనప్పుడు చేతులు ఇంటి దారే పడతాయి అని. తొమ్మిది కార్డుల్లో రాసింది. నేను నమ్మలేదు. వెనకేసుకొస్తోంది అనుకున్నా."

జోడీ తల్లి చెయ్యి పట్టుకుంది. అది చల్లగా ఉంది.

"ఇంకో సంగతి ఉంది. ఎవరికీ చెప్పలేదు," అంది లవాన్. అద్దంలోంచి ముందుకే చూస్తోంది. "వెళ్లేముందు ఆదివారం ఆయన నన్ను అడిగాడు. ఒక్క పూట నీ జీపు ఇవ్వు, కుడివైపు కూర్చోవడం అలవాటు చేసుకుంటా, ఈ మైదానంలోనే నాలుగు చుట్లు తిప్పుతా అని. నేను ఇవ్వలేదు."

"అమ్మా..."

"ఇది ఉత్తరాల బండి, బొమ్మబండి కాదు అన్నా. సీటు సర్దుకుంటావు, అద్దాలు తిప్పేస్తావు, సోమవారం నాకు చికాకు అన్నా. అద్దాలు, జోడీ! అద్దాల కోసం! ఆయన కోప్పడలేదు. సరేలే, అక్కడ నేర్చుకుంటా అని నవ్వాడు. వెళ్లిపోయాడు." ఆమె స్టీరింగు పట్టుకుంది. "ఆయన బుద్ధిలేనివాడు కాకపోతే తప్పు ఎవరిది? నాదే అవుతుంది కదా. అందుకే ఆయన్నే అంటూ వచ్చా. రాయి మీద ఆయన పక్కన ఏ ముఖంతో పేరు చెక్కించుకోను?"

తొమ్మిదేళ్లలో జోడీ తన తల్లి ఏడవగా చూడలేదు. అంత్యక్రియల్లో కూడా వచ్చినవాళ్లకు కాఫీ పోస్తూ తిరిగింది. ఇప్పుడు స్టీరింగు మీద నుదురు ఆనించి, డెబ్బై నాలుగేళ్ల ఆమె, చిన్నపిల్లలా భుజాలు అదిరేలా ఏడ్చింది. జోడీ ఆపలేదు. టోపీ కింద నుంచి జారిన తెల్లజుట్టును చెవి వెనక్కి నెట్టింది.

ఏడుపు కాస్త నెమ్మదించాక, "అమ్మా, ఒక మాట వింటావా," అంది.

లవాన్ తల ఎత్తలేదు.

"నువ్వు ఈ సీట్లో ఎన్నేళ్లు కూర్చున్నావు?"

"ఇరవై ఏడు."

"ఇరవై ఏడేళ్లు కూర్చున్న నువ్వే కుడికి పోయావు. పైగా టేపు అంటించుకుని. ఐదు చుట్లు తిరిగిన తర్వాత. మరి నాన్న ఒక్క ఆదివారం పూట కూర్చుని ఉంటే ఏం మారేది?"

లవాన్ తల ఎత్తింది. కళ్లద్దాలు మసకబారి ఉన్నాయి. కూతురి వైపు, తర్వాత ఉత్తరాల డబ్బా వైపు, తర్వాత జీపు దాటొచ్చిన రోడ్డు వైపు చూసింది. మట్టి మీద చక్రాల గుర్తు ఎడమ నుంచి కుడికి ఎక్కడా వంకర లేకుండా ఉంది.

"ఏమీ మారేది కాదా?" అంది. చాలా రోజులుగా వాకిట్లో నిలబడినవాళ్లు లోపలికి రావచ్చా అని అడిగినట్టు అడిగింది.

"ఏమీ మారేది కాదమ్మా."

లవాన్ కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. తర్వాత తలుపు తెరుచుకుని దిగి, డబ్బా దగ్గరికి నడిచి, ఎత్తి ఉన్న ఎర్రజెండాను వేలితో కిందికి దించింది. జీపు చుట్టూ తిరిగి ఎడమవైపు వచ్చింది.

"జరుగు," అంది.

"ఏంటి?"

"అటు జరుగు. నువ్వు తోలు. పన్నెండు రోజులుంది, రోజూ సాయంత్రం ఇక్కడికొద్దాం. నీకు ఉత్తరాల జబ్బు లేదు, నాన్న జబ్బు ఒక్కటే ఉంది. దానికి పక్కన మనిషి ఉండి చెప్తే చాలు."

"నాకు భయమేస్తుందమ్మా."

"మంచిది. భయమున్నవాళ్లతోనే నేను బండెక్కుతా."

జోడీ కుడి సీట్లోకి జరిగింది. సీటు ముందుకు లాక్కుంది. అద్దం తిప్పబోయి, చెయ్యి ఆపి, తల్లి వైపు చూసింది.

"తిప్పుకో," అంది లవాన్. "నీకు ఎలా కనిపిస్తే అలా తిప్పుకో."

కర్ట్ మోపులన్నీ బండిలో వేసేశాడు. వీళ్లు సీట్లు మారడం చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు మళ్లీ పెట్టాలా?" అని అరిచాడు.

"అన్నీ పెట్టు!" అని అరిచింది లవాన్. "ఈసారి బంకు దగ్గరికీ సరిపడేలా పెట్టు. ఇంటికెళ్లగానే ఆ కారు కంపెనీకి ఫోన్ చెయ్యి. పేరు నా కూతురిది రాయించు." కిటికీ అద్దం ఎత్తబోయి ఆగింది. "సోమవారం ఆ రాళ్లు చెక్కే మనిషికి కూడా చేద్దాం. నంబరు నా దగ్గర ఉంది."

జోడీ తల్లి చెయ్యి ఒకసారి నొక్కింది. తల ఊపి, జీపును టికెట్ల గది పక్కకు వెనక్కి తెచ్చి ఆపింది. రోడ్డు మళ్లీ ఖాళీగా ఉంది. ఎండ మట్టి మీద అలాగే ఉంది. బ్రేకు మీంచి కాలు తీసింది. చేతులు తెలియకుండానే కుడికి లాగుతున్నాయని ఆమెకు అప్పుడు తెలిసింది.

పక్క సీట్లోంచి తల్లి గొంతు, ఉత్తరం అందించినంత మామూలుగా, ఆ చేతుల కంటే ముందే వచ్చింది.

"ఎడమకి," అంది లవాన్. "ఎడమకి, ఆర్లిన్."

జోడీ సరిదిద్దలేదు. ఎడమకి తిప్పింది.